గాలిని తూచిన లెక్క

1940 ఆగస్టు. ఇంగ్లండ్ దక్షిణ తీరం, వామ్‌వెల్ స్థావరం. ఫోన్ మోగింది. గడ్డి మీద నిలబడ్డ స్పిట్‌ఫైర్ల వైపు కుర్రాళ్లు పరిగెత్తారు. మెర్లిన్ ఇంజిన్లు దగ్గాయి, పొగ కక్కాయి, ఒక్కసారిగా గర్జించాయి. ఆ దళం పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్.

దాని చిహ్నం నిజాం దస్తార్, అంటే తలపాగా. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన విరాళానికి గుర్తు. ఒకప్పుడు కార్వాన్‌లో వజ్రాల బేరాలు సాగిన ఊరి పేరు ఇప్పుడు డోర్సెట్ ఆకాశంలో ఎగురుతోంది. శత్రువు ఇంకా పైనున్నాడు.

పైకెళ్లేకొద్దీ గాలి పల్చబడుతుంది. 18 వేల అడుగుల మీద వాయుపీడనం నేల మీదున్న దాంట్లో సగమే. 27 లీటర్ల మెర్లిన్‌కి అక్కడ ఊపిరి పోసేది సూపర్‌ఛార్జర్. ఆ మెర్లిన్-3 మామూలు బూస్ట్‌తో (సూపర్‌ఛార్జర్ పెంచే పీడనంతో) 16,250 అడుగుల దగ్గర 1,030 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆపైన జారిపోతుంది. మరి దాన్ని ఇంకా పైకి లాగేదెవరు?

1938 జనవరి, డెర్బీ. మెర్లిన్‌ని తయారుచేసే రోల్స్‌రాయిస్‌లో ముప్ఫయ్యేళ్ల స్టాన్లీ హుకర్ చేరాడు. చదివింది గణితం. నువ్వు పెద్ద ఇంజనీర్‌వేం కాదన్నట్టు అక్కడి పెద్దాయన హైవ్స్ ముఖం మీదే అనేశాడు. పనేమీ అప్పజెప్పలేదు. తిరుగుతూ తిరుగుతూ సూపర్‌ఛార్జర్ పరీక్షల కాగితాలు అందుకున్నాడు. లెక్క వేశాడు. అందులో గాలిని నొక్కే చక్రం ఇంకా చాలా బాగా పనిచేయగలదని తేలింది. నివేదిక పైకి వెళ్లింది. పిలుపొచ్చింది.

సూపర్‌ఛార్జర్ల పని మొత్తం అతని చేతికే ఇచ్చేశారు!

ఇంజిన్ కట్టకముందే దాని పవర్ కాగితం మీద చెప్పాలి. పీడనం రెట్టింపైతే పవర్ రెట్టింపవుతుందనుకుంటే బోల్తా పడ్డట్టే. సైకిల్ పంపు కొట్టినప్పుడు గొట్టం కాలినట్టు, నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కితే పలచబడి సిలిండర్‌లోకి తక్కువ బరువే చేరుతుంది, ఆ చక్రాన్ని తిప్పే బలమూ క్రాంక్‌షాఫ్ట్ నుంచే పోతుంది, లోపలికి చిమ్మిన పెట్రోలు ఆవిరై ఆ వేడిని పాతిక డిగ్రీల దాకా దించుతుంది, ఇవన్నీ కూడి తీసేశాక మిగిలిందే ప్రొపెల్లర్‌కి దక్కుతుంది. అసలు కిటుకు ఇక్కడుంది: నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి అని చూడకూడదు, ఎంత బరువు గాలి అని చూడాలి. హుకర్, అతని సహచరులు రీడ్, యార్కర్ ముగ్గురూ ఈ పద్ధతిని 1941లో నివేదికగా రాశారు. కానీ ఆకాశంలో యుద్ధం ఆ నివేదిక కోసం ఆగలేదు.

ఆ 1940 ఆగస్టులోనే వామ్‌వెల్ పైలట్ బూస్ట్ పరిమితిని ఎత్తేసే కటౌట్ మీట వేశాడు. 100 ఆక్టేన్ పెట్రోలు కాబట్టి ఇంజిన్ తట్టుకుంది. బూస్ట్ ఆరుంపావు పౌన్ల నుంచి 12కి ఎగబాకింది. 9 వేల అడుగుల దగ్గర 1,310 హార్స్‌పవర్! నిమిషానికి చుట్లు అదే 3,000. అంటే టార్క్ కూడా పాతిక శాతానికి పైగా పెరిగినట్టే. సీటు వీపుని తన్నింది.

కానీ 30 వేల అడుగుల సంగతేంటి? హుకర్ బృందం రెండు చక్రాలు వరసగా పెట్టింది. గాలిని నొక్కినప్పుడు పుట్టే వేడిని లాగేయడానికి ఇంటర్‌కూలర్ తగిలించింది. వెల్లింగ్టన్ బాంబర్ కోసం కట్టిన ఆ ఇంజిన్‌ని స్పిట్‌ఫైర్‌లో పెడితే ఏమవుతుందని అడిగింది హైవ్సే. 1942 జులైలో స్పిట్‌ఫైర్-9 యుద్ధంలోకి దిగింది. వేగం గంటకు 400 మైళ్లు దాటింది.

1944లో హైదరాబాద్ స్క్వాడ్రన్ బర్మా రంగంలో స్పిట్‌ఫైర్-8లు నడిపింది. వాటిలో ఉన్నది ఆ రెండంచెల మెర్లినే.