వీధికిచ్చిన నీడ

మా అమ్మ లేసు అల్లేది వీధరుగు మీద కూర్చునే. వంటింట్లో వెలుతురు చాలదు, పెరట్లో ఎండ. చేతికి చెమట పడితే తెల్లదారం మాసిపోతుంది, మాసిన లేసుకు ఏజెంటు ధర తెగ్గోస్తాడు. ఎండ పడని వెలుతురు, ఉక్కపోయని గాలి కలిసి దొరికే చోటు ఇంట్లో అదొక్కటే. 19వ శతాబ్దంలో ఇక్కడి ఆడవాళ్ళు మిషనరీల దగ్గర నేర్చిన ఈ పని గురించి సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో పుస్తకం రాశారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపూ వచ్చింది. ఆ అల్లికకు చోటిచ్చిన అరుగు గురించి చెప్పాలని నాకు.

మా నరసాపురానిది పొడి ఎండ కాదు. పక్కనే వశిష్ఠ గోదావరి, కాస్త దూరంలో సముద్రం, చుట్టూ చేలూ కాలవలూ. ఇక్కడ నీడ ఒక్కటే చాలదు, నీడలోకి గాలి రావాలి. అందుకే పాత మేస్త్రులు వీధి గుమ్మం, మండువా, పెరటి గుమ్మం ఒకే వరసలో పెట్టేవారు. మండువా నడుమ కప్పులేని చోటు నుంచి వేడి పైకి పోతుంటే, అరుగు మీది చల్లగాలి లోపలికి వచ్చేది. 17వ శతాబ్దంలో నరసాపురం ఓడలు కట్టిన ఊరు. ఒలందులు (డచ్చివాళ్ళు) పాలకొల్లులో, ఇంగ్లీషువాళ్ళు పక్కనే మాధవాయిపాలెంలో వర్తకం నడిపారు. ఓడలు చెక్కిన వడ్రంగుల పనితనమే ఈ ఇళ్ళ స్తంభాల్లోకీ వచ్చిందని నా నమ్మకం.

మా అరుగు ఇటుకా సున్నంతో కట్టింది. కాళ్ళు వేలాడేసి కూర్చునేంత ఎత్తు, చాప వేసుకుని పడుకునేంత వెడల్పు. పెంకుల చూరు ఎంత కిందికి దిగేదంటే, పొడుగుపాటివాళ్ళు తల వంచి ఎక్కాల్సిందే. నడినెత్తి ఎండ ఆ చూరు దాటి లోపలికి రాలేదు. మాది పడమటి ముఖం ఇల్లు గనక, పొద్దు వాలేవేళకు వట్టివేళ్ళ తడికలు దించి నీళ్ళు చల్లేవాళ్ళం. వడగాలి ఉన్నంతసేపే వాటితో పని. సముద్రపు గాలి తిరిగిందంటే అమ్మ “తడిక ఎత్తేయండ్రా, ఉక్క!” అని కేకేసేది. తేమగాలిలో తడి వేళ్ళు పెద్దగా చల్లబరచవు, పైగా వచ్చే గాలికి అడ్డం.

అరుగు మాదే అయినా, పోస్టుమానూ బడిపిల్లలూ కూర్చోడానికి మమ్మల్ని అడిగేవారు కాదు. కులం చూసి కొందరిని మెట్టు కిందే నిలబెట్టిన అరుగులూ ఉండేవి, అది దాచకూడదు.

ఇలా సొంత నీడను వీధికివ్వడాన్ని ఇటలీలోని బొలోన్యాలో 1288లోనే చట్టం చేశారు: కొత్త ఇల్లు కట్టేవాళ్ళు వీధివైపు స్తంభాల వసారా వదలాలి. స్థలం సొంతదారుదే, మరమ్మతూ అతనిదే, నడిచే హక్కు అందరిదీ. ఆ ఊళ్ళో ఇప్పుడు సుమారు 62 కిలోమీటర్ల వసారాలున్నాయి. 2021లో వాటిలో కొన్నిటికి యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా దక్కింది. మన అరుగులకు అలాంటి చట్టం అండ లేదు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాత పొర తీయకుండా పైనే పోశారు. వీధి ఎత్తు పెరిగి పెరిగి, చివరికి వాననీళ్ళు మా అరుగెక్కాయి. ఇప్పటి నిబంధనల ప్రకారం ఇంటి ముందు వదిలే ఖాళీ ప్రహరీ లోపల మోటారు సైకిళ్ళకు పోతోంది. 2015 వేసవిలో వడదెబ్బకు మన ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వీధిలో నీడ ప్రాణాలకు సంబంధించిన విషయం.

ప్రహరీ లేకుండా వీధివైపు కప్పున్న అరుగు కట్టేవాళ్ళకు, ఆ మేరను వదిలిన ఖాళీగానే లెక్కకట్టాలి, ఇంటి పన్నులో కొంత తగ్గించాలి. రోడ్డు వేసేముందు పాత పొర తవ్వి తీయాలి. మొదలుపెట్టడానికి మా ఊరి పక్కనున్న రుస్తుంబాదలో లేసు పార్కు ముందు రోడ్డు చాలు.