ఐపీఏకు పదును పెట్టిన బర్టన్ నీళ్లు

ఇండియా పేల్ ఏల్ (ఐపీఏ) పుట్టుక గురించి అందరూ చెప్పే కథ ఒకటుంది. మామూలు బీరు ఇండియా చేరేలోగా పాడైపోతుంటే, లండన్‌లో జార్జ్ హాడ్జ్‌సన్ అనే ఆయన హాప్స్ పూలు దండిగా వేసి కొత్త రకం కనిపెట్టాడట. ఇంట్లో ఐపీఏ తయారుచేసుకునేవాళ్లు ఈ కథే నమ్మి, రుచి కుదరకపోతే ఇంకో గుప్పెడు హాప్స్ వేస్తారు. నాకు మాత్రం ఆధారాలు వేరే దారి చూపిస్తున్నాయి. వేడి దేశాలకు పంపే బీరులో హాప్స్ ఎక్కువ వేయాలన్న సంగతి 1760లనాటికే ఇంగ్లండ్ తయారీదారులకు తెలుసు. నల్లటి పోర్టర్ బీరు కూడా ఇండియాకు చక్కగానే చేరేది. హాడ్జ్‌సన్‌కు కలిసొచ్చినవి చోటూ, అప్పూ. ఆయన బో బ్రూవరీ ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే బ్లాక్‌వాల్‌కు దగ్గర. ఓడ కెప్టెన్లకు ఏడాదిన్నర దాకా అరువిచ్చేవాడు. వాళ్లు తీసుకెళ్లింది అక్టోబరులో కాచి ఏళ్ల తరబడి మాగబెట్టే పాత రకం ఏల్. భూమధ్యరేఖను రెండుసార్లు దాటే నెలల ప్రయాణంలో వేడికీ కుదుపుకీ అది పీపాల్లోనే త్వరగా మాగేది.

అసలైన మెరుగు ఇంగ్లండ్‌లోనే బర్టన్ అనే ఊళ్లో జరిగింది. 1820లలో హాడ్జ్‌సన్ వారసులు అరువు ఆపి, ధర పెంచి, ఎగుమతి కూడా తామే చేయబోయారు. అది నచ్చని కంపెనీ డైరెక్టరు క్యాంబెల్ మార్జోరిబ్యాంక్స్, రష్యా సుంకాల దెబ్బకు బేరం పోయిన బర్టన్ వ్యాపారి శామ్యూల్ ఆల్సప్‌కు ఇండియా మార్కెట్టు చూపించాడు. ఆల్సప్ దగ్గర పనిచేసే జాబ్ గుడ్‌హెడ్ మొదటి నమూనాను టీ పాత్రలో కాచాడని చెప్పుకుంటారు. పాత్ర ఏదైనా, అందులో పోసింది జిప్సం పొరల్లోంచి ఊరిన బావి నీళ్లు. వాటిలో సల్ఫేట్ లీటరుకు 600 మిల్లీగ్రాముల పైమాటే. లండన్ నీళ్లలో వందకు లోపే, అక్కడ కార్బనేట్ ప్రభావమే ఎక్కువ. కార్బనేట్ నీళ్లలో లేత రంగు మాల్ట్ నానబెడితే వగరు దిగుతుంది, హాప్స్ చేదు మొరటుగా నాలుకను పట్టుకుంటుంది. మాడ్చిన మాల్ట్ పులుపు దాన్ని సరిచేస్తుంది కాబట్టే లండన్‌కు పోర్టర్ అచ్చొచ్చింది. బర్టన్ నీళ్లలో కాల్షియం ఆ వగరును ఆపుతుంది, సల్ఫేట్ చేదును పొడిగా, తేటగా నిలబెడుతుంది.

హాప్స్ లేనిదే ఐపీఏ ఎక్కడిదని అడగవచ్చు. నిజమే, బీరును పులుపెక్కించే సూక్ష్మజీవులను అణచేది హాప్సే. కానీ అవి లండన్, బర్టన్ వాళ్లిద్దరి దగ్గరా ఉన్నాయి. ఇండియా మార్కెట్టులో బర్టన్ గెలుపు వాటితో రాలేదు. బర్టన్ రాకముందు లండన్ ఏల్ దశాబ్దాలపాటు అమ్ముడైంది కదా అనేది ఇంకా గట్టి ప్రశ్న. అమ్ముడైంది, అయితే అప్పటికి గట్టి పోటీ లేదు. పోటీ వచ్చాక ఏం జరిగిందో లండన్ వాళ్లే చూపించారు. లండన్ చుట్టుపక్కల ఉన్న రోమ్‌ఫర్డ్‌లోని ఇండ్ కూప్ 1856లో, లండన్‌లోని చారింగ్టన్ 1872లో, ట్రూమన్ 1873లో బర్టన్‌కు వచ్చి బ్రూవరీలు పెట్టుకున్నారు. హాప్స్‌ను ఎక్కడికైనా తెప్పించుకోవచ్చు. వాళ్లు కదిలి వచ్చింది నీళ్ల కోసం. 1878లో చార్లెస్ విన్సెంట్ అనే రసాయనవేత్త ఏ నీళ్లకైనా జిప్సం కలిపి బర్టన్ గుణం తెచ్చే పద్ధతి చూపాకే ఊరు మారే అవసరం తప్పింది.

ఇంట్లో చేసుకునే ఐపీఏ మొరటుగా చేదెక్కుతుంటే, హాప్స్ పెంచేముందు మీ నీళ్ల పరీక్ష చేయించండి. కార్బనేట్ తగ్గించి, కాస్త జిప్సం కలిపి, మిగతాదేదీ మార్చకుండా మరోసారి కాచి చూడండి.