పరికరాల లోహ ఫలకాలపై అక్షరాలు: ఏ పద్ధతి దేనికి తగును?

స్టెబిలైజర్లు, ఆంప్లిఫయర్లు, పంపుసెట్ల స్టార్టర్ల వంటి పరికరాలకు ముందువైపున స్విచ్చులు, మీటర్లు, దీపాలు అమర్చే లోహపు రేకును ప్యానెల్ అంటారు. చిన్న వర్క్‌షాపులలో దానిపై అక్షరాలు వేయించడం అన్నిటికన్నా చివరి పని. కాని ఆ అక్షరాలు చెరిగిన నాడు, రాత్రివేళ మోటారు వద్ద నిలిచిన రైతుకు ఏది ఆన్, ఏది ఆఫ్ అన్నది ప్రాణంతో ముడిపడిన విషయమవుతుంది. అందువల్ల ఎన్ని ప్యానెళ్లు కావాలి, అవి ఎండలో ఉంటాయా నీడలోనా, రేకు ఏ లోహానిది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చూసుకొని పద్ధతిని ఎంచుకోవాలి.

స్క్రీన్ ప్రింటింగ్: పౌడర్ కోటింగ్ చేసిన ఇనుప రేకుకు ఇది అనువైనది. చట్రానికి బిగించిన సన్నని జాలిగుడ్డ గుండా సిరాను రేకుపైకి నొక్కుతారు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క స్క్రీన్ కావాలి. కనుక ఒకటి రెండు ప్యానెళ్లకు ఖర్చు దండుగ. వందల సంఖ్యలో చవక. సిరా పైపైనే ఉంటుంది కాబట్టి రాపిడికి, థిన్నరుకు చెరుగుతుంది. ఎపాక్సీ సిరా గట్టిగా పట్టినా నిరంతరం ఎండ తగిలితే వెలిసిపోతుంది.

అనోడైజింగ్: ఇది అల్యూమినియానికి తగిన పద్ధతి. పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో రేకును ధనధ్రువంగా ఉంచి విద్యుత్తు పంపితే సూక్ష్మరంధ్రాలు గల ఆక్సైడు పొర ఏర్పడుతుంది. రంగు ఆ రంధ్రాలలోకి ఇంకిన తరువాత మరిగే నీటిలో ఉంచి వాటిని మూసివేస్తారు. అక్షరం పొర లోపలే ఉండటం వల్ల సులభంగా చెరగదు. ఎండకు తట్టుకొనే రంగునే కోరాలి. స్విచ్చుల రంధ్రాలు ముందే వేయించుకోవాలి.

లేజర్, చెక్కడం: రంగు అనోడైజింగ్ చేసిన రేకుపై లేజర్ కిరణం రంగును తొలగించి తెల్లని అక్షరాన్ని మిగులుస్తుంది. స్క్రీన్ అవసరం లేదు కనుక ఒక్క ప్యానెల్‌కైనా గిట్టుబాటవుతుంది. అక్షరాలను లోతుగా చెక్కి పెయింటు నింపడం ఆరుబయట పరికరాలకు మేలు. పెయింటు పోయినా గాడి మిగులుతుంది, మళ్లీ నింపవచ్చు.

అక్షరాల తీరు: తెలుగు, కన్నడ, ఒడియా లిపులలో ఒత్తులు, గుణింతపు గుర్తులు చిన్నవి కావడంతో స్క్రీన్ ప్రింటింగ్‌లో సిరా అలుముకొనే ప్రమాదం ఉంది. అక్షరం పెద్దదిగా, గీతల నడుమ ఎడం ఉండేలా గీయించాలి. ఒకే యంత్రాన్ని పలు భాషలవారు వాడే సరిహద్దు గ్రామాలలో, ఆన్‌కు నిలువు గీత, ఆఫ్‌కు సున్న గుర్తు కూడా వేయించడం క్షేమం.

ఎర్త్ విషయం: అనోడైజింగ్ పొర గాని, పౌడర్ కోటింగ్ గాని విద్యుత్తును ప్రవహించనివ్వదు. ఎర్త్ బోల్టు బిగించే చోట పొరను గీకి, లోహం కనిపించాకే పళ్లున్న వాషరుతో బిగించాలి. కరెంటు తీసివేసి, ఎర్త్ తీగకు, ప్యానెల్ లోహానికి మధ్య సంబంధాన్ని మల్టీమీటరుతో సరిచూడాలి. ఎంత అందమైన ప్యానెల్ అయినా ఈ పరీక్ష నెగ్గిన తరువాతే ఇంటికిగాని, పొలానికిగాని చేరాలి.