పాఠం ముగిశాక పుట్టిన కావ్యం

తెలుగులో ఆధునిక కవిత్వానికి తొలి అడుగు ఏదని అడిగితే కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణం’ పేరు చెప్పే విమర్శకులు ఎందరో ఉన్నారు. ఆ కావ్యం రాజాస్థానంలో పుట్టలేదు, పండితుల అరుగు మీదా పుట్టలేదు. 1899లో మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఆంధ్ర భాషాభిరంజని సంఘం కావ్యరచన పోటీ పెడితే, పంతొమ్మిదేళ్ల విద్యార్థి రాసి బహుమతి గెలుచుకున్న రచన అది. మిషనరీ కళాశాలల చరిత్ర అనగానే మనం తరగతిగదినీ మతమార్పిడినీ తూకం వేస్తాం. పాఠాలయ్యాక కూడే ఇలాంటి సంఘాల జోలికి పోము. తెలుగువారికి ఆ కళాశాలల వల్ల జరిగిన పెద్ద మేలు అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఆ కళాశాలలు పెట్టినవారి ఉద్దేశం ఇది కాదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో బడి తెరిచింది పైకులాల పిల్లలకు క్రీస్తును పరిచయం చేయడానికే. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే పెద్దలు పిల్లల్ని మాన్పించేశారు, బడి ఖాళీ అయింది. 1862లో మద్రాసు వచ్చి క్రైస్తవ కళాశాలను నడిపిన విలియం మిల్లర్ వేరే దారి పట్టాడు. మనుషుల్ని ఒక్కొక్కరిగా మతంలో కలపడం కన్నా, క్రైస్తవ భావాలు సమాజమంతటా ఇంకడం ముఖ్యమని నమ్మాడు. ఆయన శిష్యుడు రఘుపతి వెంకటరత్నం నాయుడు గురువు ప్రభావంలో పెరిగినా క్రైస్తవుడు కాలేదు, బ్రహ్మసమాజంలో చేరాడు. దాన్ని ఓటమిగా భావించని కళాశాలలోనే హిందూ విద్యార్థులు జంకు లేకుండా సంఘాలు నడుపుకోగలరు.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది బలమైనదే. విషాదాంత కావ్యం రాయాలన్న ఊహ ఆ కుర్రవాడికి ఇంగ్లీషు పాఠాల నుంచి వచ్చిందే కదా, అలాంటప్పుడు ఘనత తరగతిదే కదా అనవచ్చు. విషాదాంతం మీద మోజు ఇంగ్లీషు చదువు ఇచ్చిందేనని ఒప్పుకుంటాను. అయితే అదే పాఠం విన్నవారు వందలమంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఉద్యోగాలకు పోయారు. విన్నది తెలుగులోకి తిప్పుకోవడానికి ఒక సందర్భం కావాలి, వినేవారు కావాలి, గడువు కావాలి. పోటీ ఆ మూడింటినీ సమకూర్చింది. కథకోసం ఆ విద్యార్థి షేక్‌స్పియర్ దగ్గరికి పోలేదు, సి.పి. బ్రౌన్ ప్రచురించిన అనంతపురం చరిత్ర తెరిచాడు. తెగబోతున్న బుక్కరాయసముద్రం చెరువుకట్టను నిలపడానికి ప్రాణమిచ్చిన రెడ్ల ఇంటి కోడలిని నాయికను చేశాడు. సంఘం, పోటీ, బహుమతి అనే చట్రం బ్రిటన్‌దే కావచ్చు. అందులో కూర్చోబెట్టిన మనిషి మాత్రం రాయలసీమ ఆడపడుచు.

ఇదంతా కొద్దిమంది సంపన్నుల ముచ్చటేనన్న మాటా ఉంది. 1899 నాటి మద్రాసుకు అది నిజం, కాదనడానికి వీల్లేదు. కానీ ఆ అలవాటు మద్రాసులోనే ఆగలేదు. లూథరన్ మిషన్ 1885లో మొదలుపెట్టిన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో నందమూరి తారక రామారావు, కొంగర జగ్గయ్య చదువుకున్నారు. పల్లెల నుంచి వచ్చిన వారిద్దరూ విద్యార్థి దశలోనే నాటకాలాడారు. డిగ్రీ కాగితం మీద ఆ వేషాలకు మార్కులు లేవు. తెలుగు సినిమాకు పనికొచ్చింది మాత్రం ఆ వేషాలే.

కళాశాలల చరిత్రకు పరీక్షా ఫలితాలూ ప్రిన్సిపాళ్ల పేర్లూ చాలవు. సంఘాల మినిట్స్ పుస్తకాలు, పోటీల ప్రకటనలు, నాటకాల కరపత్రాలు, వార్షిక సంచికలు కూడా కావాలి. మీ ఇంట్లో తాతల నాటి పెట్టెలో అలాంటి కాగితం ఒక్కటి ఉన్నా పాత పేపర్లవాడికి వేయకండి, దగ్గరలోని గ్రంథాలయానికి ఇవ్వండి.