రేవా (విద్యుత్ కారు)

రేవా భారతదేశములో తయారైన చిన్న విద్యుత్ కారు. చేతన్ మైనీ సారథ్యములో బెంగుళూరు సంస్థ ఒకటి దీనిని 2001లో విడుదల చేసినది. ఇది ప్రధానముగా నగర ప్రయాణాలకు ఉద్దేశించబడినది.

నిర్మాణము

కారు పొడవు సుమారు 2.6 మీటర్లు. తలుపులు రెండు. ముందు ఇద్దరు పెద్దలు, వెనుక ఇద్దరు పిల్లలు కూర్చొనవచ్చును. క్లచ్, గేర్లు మార్చే పని లేదు. తొలి నమూనాలలో 6 వోల్టుల లెడ్ ఆసిడ్ బ్యాటరీలు ఎనిమిది ఉండేవి. వీటిని ఇంటిలోని 15 ఆంపియర్ల ప్లగ్గు నుండి ఛార్జి చేసుకొనవచ్చును.

పనితీరు

పూర్తి ఛార్జికి సుమారు 8 గంటలు పట్టేది. దానితో సుమారు 80 కి.మీ. ప్రయాణించవచ్చునని సంస్థ తెలిపినది. విశాఖపట్నము నుండి అనంతగిరి కనుమల మీదుగా అరకు సుమారు 115 కి.మీ. దూరము. అందువలన మధ్యలో ఛార్జి చేయకుండా ఈ కారు అరకు చేరలేదు. పైగా ఎత్తు ఎక్కేటప్పుడు బ్యాటరీ త్వరగా తరుగుతుంది. దిగేటప్పుడు బ్రేకు వేస్తే మోటారే జనరేటరుగా మారి, ఖర్చయిన విద్యుత్తులో కొంత భాగమును మాత్రమే తిరిగి ఇస్తుంది. కొండదారిలో చాలా విద్యుత్ వాహనాలకు ఈ సూత్రమే వర్తిస్తుంది.

తరువాతి చరిత్ర

2009లో లిథియం అయాన్ బ్యాటరీ నమూనా వచ్చినది. 2010లో మహీంద్రా సంస్థ కంపెనీలో అధిక వాటా కొన్నది. 2013లో రేవా స్థానములో ఈ2ఓ అనే కారు విడుదలైనది.