ఫినిస్టెర్రే యాత్రా మార్గం

ఫినిస్టెర్రే యాత్రా మార్గం (గలీసియన్ భాషలో కమిన్యో డి ఫిస్టెర్రా) స్పెయిన్ దేశపు వాయవ్య మూలనున్న గలీసియా ప్రాంతంలోని ఒక కాలినడక తీర్థయాత్రా మార్గం. ఇది శాంటియాగో డి కంపోస్టెలా నగరంలో మొదలై అట్లాంటిక్ మహాసముద్ర తీరాన ఫినిస్టెర్రే అగ్రం వద్ద ముగుస్తుంది. పొడవు సుమారు 90 కిలోమీటర్లు. నడిచి వెళ్ళేవారికి సాధారణంగా మూడు, నాలుగు రోజులు పడుతుంది. యేసుక్రీస్తు శిష్యులలో ఒకరైన యాకోబు పేరిట ఐరోపాలో ఉన్న ఇతర యాత్రా మార్గాలు శాంటియాగోకు చేరుకొని ముగుస్తాయి. ఈ మార్గం మాత్రం అక్కడి నుండి మొదలవుతుంది.

పేరు

లాటిన్ భాషలో 'ఫినిస్ టెర్రే' అనగా 'భూమికి అంతం' అని అర్థం. దీనిని గలీసియన్ భాషలో ఫిస్టెర్రా అంటారు. పూర్వం ఐరోపావాసులకు ఈ తీరానికి ఆవల సముద్రం తప్ప మరొకటి ఉన్నట్లు తెలియదు. నిజానికి ఐరోపా ప్రధాన భూభాగానికి పశ్చిమపు కొస పోర్చుగల్‌లోని రోకా అగ్రం. స్పెయిన్ ప్రధాన భూభాగం వరకు చూసినా, ఫినిస్టెర్రేకు ఉత్తరాన ఉన్న టౌరిన్యాన్ అగ్రమే ఎక్కువ పశ్చిమంగా ఉన్నది.

చరిత్ర

యాకోబు సమాధి శాంటియాగోలో 9వ శతాబ్దంలో బయటపడిందని క్రైస్తవుల విశ్వాసం. ఆ సమాధిని దర్శించడంతో యాత్ర నియమప్రకారం పూర్తవుతుంది. అయినా కొందరు మధ్యయుగంలోనే సముద్రం వరకు నడిచారు. 15వ శతాబ్దంలో బొహీమియా ప్రభువు లియో రోజ్మితాల్ బృందమూ, ఆ శతాబ్దం చివర ఆర్మీనియా బిషప్ మార్తిరోస్ ఇక్కడకు వచ్చారు. దారిలో 'వాక్నెర్' అనే భయంకర మృగం ఉండేదని మార్తిరోస్ తన యాత్రాకథనంలో వ్రాశాడు.

క్రైస్తవానికి పూర్వమే ఇక్కడ సూర్యారాధన జరిగేదనీ, 'ఆరా సోలిస్' అనే సూర్యపీఠం ఉండేదనీ స్థానికంగా చెబుతారు. క్రీ.పూ. 2వ శతాబ్దపు రోమన్ సేనాని బ్రూటస్ పశ్చిమ సముద్రంలో సూర్యుడు మునగడం చూసి భయభక్తులకు లోనయ్యాడని ఫ్లోరస్ అనే రోమన్ రచయిత వ్రాశాడు. కాని సూర్యపీఠం ఉండేదనడానికి పురావస్తు నిదర్శనం లభించలేదు. కనుక మధ్యయుగపు యాత్రలకు వ్రాతపూర్వక ఆధారం ఉన్నదనీ, సూర్యాలయం కథ జనశ్రుతి మాత్రమేననీ గ్రహించాలి. చాలాకాలం మరుగున పడిన ఈ మార్గానికి 1990ల తరువాత మళ్ళీ ఆదరణ పెరిగింది.

మజిలీలు

శాంటియాగో – నెగ్రెయిరా (సుమారు 21 కి.మీ.): ప్రధాన దేవాలయం ముందున్న ఒబ్రడోయిరో కూడలి నుండి బయలుదేరుతారు. దారిలో తాంబ్రే నదిపై పోంటె మసెయిరా అనే రాతివంతెన ఉన్నది. యాకోబు శిష్యులు రోమన్ సైనికుల నుండి తప్పించుకొని ఇక్కడ నది దాటగానే వారి వెనుక వంతెన కూలిపోయిందని ఐతిహ్యం. ఇప్పుడున్న వంతెన 14వ శతాబ్దం చివర కట్టినది.

నెగ్రెయిరా – ఒల్వెయిరోవా (సుమారు 33 కి.మీ.): ఇది అన్నింటికంటే పొడవైన మజిలీ. పొలాలు, పచ్చిక బయళ్ళు, నీలగిరి చెట్ల తోపులు దాటి వెళ్ళాలి. ఒల్వెయిరోవాలో 'ఒర్రెయో' అనే రాతిగాదెలు కనిపిస్తాయి. ఎలుకలు, తేమ చేరకుండా వీటిని స్తంభాలపై కడతారు.

ఒల్వెయిరోవా – ఫిస్టెర్రా (సుమారు 32 కి.మీ.): ఓస్పితాల్ అనే ఊరు దాటగానే దారి రెండుగా చీలుతుంది. ఎడమవైపుది ఫిస్టెర్రాకు, కుడివైపుది ముషియాకు పోతుంది. ఎడమ దారిలో సెయే పట్టణం చేరే వరకు ఊళ్ళు, దుకాణాలు లేవు. కావలసిన నీరు, ఆహారం ముందే వెంట తీసుకోవాలి. సెయే చేరబోయే ముందు కొండపై నుండి సముద్రం కనిపిస్తుంది. ఈ మజిలీని కొందరు రెండు రోజులుగా నడుస్తారు.

ఫిస్టెర్రా ఊరి నుండి అగ్రం మరో మూడు కిలోమీటర్లు. అక్కడ 1853లో కట్టిన దీపస్తంభం, '0.00' కిలోమీటర్లు అని చెక్కిన రాయి ఉన్నాయి. దారిలో ఉన్న సాంటా మరియా దాస్ ఆరెయాస్ చర్చిలో 'బంగారు గడ్డపు క్రీస్తు' విగ్రహం ప్రసిద్ధమైనది.

ముషియా

ఫిస్టెర్రా నుండి తీరం వెంబడి సుమారు 28 కిలోమీటర్లు నడిస్తే ముషియా వస్తుంది. నిరాశ చెందిన యాకోబుకు ధైర్యం చెప్పడానికి మరియమాత రాతి పడవలో ఇక్కడకు వచ్చిందని నమ్మకం. ఒడ్డున ఉన్న పెద్ద బండలను ఆ పడవ భాగాలుగా భావిస్తారు. వీటిలో ఒక రాతి క్రింద తొమ్మిదిసార్లు దూరితే నడుము నొప్పి పోతుందని విశ్వసిస్తారు. ఇక్కడి మరియమాత చర్చి 2013 డిసెంబరు 25న పిడుగుపాటు వలన కాలిపోగా, తరువాత పునరుద్ధరించారు.

ఓడ ప్రమాదాల కారణంగా ఈ సముద్రతీరాన్ని 'మృత్యుతీరం' అంటారు. 1870లో 'కెప్టెన్' అనే బ్రిటిష్ యుద్ధనౌక ఫినిస్టెర్రే సమీపంలో మునిగి 400 మందికి పైగా మరణించారు. 2002 నవంబరులో 'ప్రెస్టీజ్' అనే చమురు ఓడ మునిగినపుడు తీరమంతా నల్లని చమురుతో నిండిపోయింది. దానిని తొలగించడానికి వేలాదిగా స్వచ్ఛంద సేవకులు తరలివచ్చారు. దీనికి గుర్తుగా ముషియాలో 'గాయం' అనే అర్థం గల పేరుతో ఒక చీలిన రాతి స్మారకాన్ని నిలిపారు.

ఆచారాలు

యాత్ర పూర్తి చేసినవారు తీరాన ఆల్చిప్పను ఏరుకొని గుర్తుగా తీసుకువెళ్ళేవారు. నడకలో ధరించిన బట్టలను, బూట్లను అగ్రం వద్ద తగులబెట్టడం ఇటీవలి కాలంలో వచ్చిన అలవాటే గాని ప్రాచీన ఆచారం కాదు. మంటలు వ్యాపించే ప్రమాదం, చెత్త పేరుకుపోవడం వలన దీనిని నిషేధించారు. చాలామంది ఇక్కడ సూర్యాస్తమయాన్ని చూసి యాత్ర ముగిస్తారు.

వసతులు

దారి పొడవునా పసుపుపచ్చని బాణం గుర్తులు, దూరాన్ని తెలిపే రాళ్ళు ఉన్నాయి. రాత్రి బసకు 'అల్బెర్గె' అనే యాత్రికుల సత్రాలున్నాయి. యాత్రికులు తమ గుర్తింపు పుస్తకంలో మజిలీల వద్ద ముద్రలు వేయించుకుంటారు. వాటిని చూపితే ఫిస్టెర్రాలో 'ఫిస్టెర్రానా', ముషియాలో 'ముషియానా' అనే పత్రాలు ఇస్తారు. ఇవి శాంటియాగోలో ఇచ్చే 'కంపోస్టెలా' పత్రానికి భిన్నమైనవి. గలీసియాలో వర్షాలు ఎక్కువ గనుక వేసవి నెలలు నడకకు అనుకూలం.