అణువుల అడుగుజాడలు

ద్రవములోని పరమాణువు క్షణమైనను నిలకడగా నుండదు. దాని సంచారమును లెక్కగట్టి చూపిన శాస్త్రజ్ఞుడు మన హైదరాబాదువాడే. అనీసుర్ రహమాన్ 1927లో ఇచ్చట జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయములో కొంతకాలము బోధించి, 1960లో అమెరికాలోని ఆర్గోన్ జాతీయ పరిశోధనాలయమున చేరెను. 1964లో ఆయన 864 ఆర్గాన్ వాయు పరమాణువులు ద్రవరూపమున ఒక ఊహాపేటికలో నున్నట్లు భావించి, సెకనును నూరు లక్షల కోట్ల భాగములు చేసి, ఒక్కొక్క భాగమునకు ప్రతి పరమాణువు స్థానమును న్యూటన్ సూత్రములచే కంప్యూటరుపై గణించెను. ఈ స్థానముల వరుసయే గమనపథము.

నేడు దీర్ఘగణనలను విడతలుగా జరిపి, పథములను వేర్వేరు ఫైళ్ళలో భద్రపరతురు. వాటిని కూర్చునపుడు రెండు జాగ్రత్తలు వలయును. ఒక విడత తుదిస్థానములే తరువాతి విడతకు తొలిస్థానములైనచో, వాటిని ఒక్కసారియే లెక్కింపవలెను. రెండవది: పేటిక కుడిగోడను దాటిన పరమాణువు ఎడమగోడనుండి తిరిగి ప్రవేశించినట్లు లెక్క. పది ప్రమాణముల పేటికలో 9.8 నుండి 0.1కి వచ్చినది వెనుకకు 9.7 కాదు, ముందుకు 0.3 మాత్రమే కదలినది. దీనిని సరిదిద్దనిచో వ్యాపన గుణకము పూర్తిగా తప్పును.

రహమాన్ గణించిన గుణకము ప్రయోగఫలితమునకు సన్నిహితముగా వచ్చెను. 1971లో స్టిల్లింజరుతో కలసి ఆయన నీటిని సైతము ఇట్లే పరిశీలించెను. 1987లో ఆయన గతించెను. నేడు ప్రోటీన్ల కదలికలను శోధించువారు నడచునది ఆ బాటనే.